గంజి పెట్టిన గాలిసంచి

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. అదీ పూర్తిగా కాదు, మిరపకోతల రోజుల్లో మానేసిన వాణ్ణి మళ్లీ బడి మొహం చూడలేదు. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఏ అక్షరానికి దీర్ఘం తియ్యాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇది రాయడానికి కూర్చుని మూడు రోజులైంది. మొదటి రెండు రోజులూ రాసిన కాగితాలు మా ఆవిడ పొయ్యిలో పెట్టింది, నేనే పెట్టమన్నాను. చదివేవాళ్లు అక్షరాలు వదిలేసి సంగతి చూడమని నా మనవి.

మా రోడ్డు పనివాళ్ల సంఘం కుర్రాళ్లు ఒక పుస్తకం వేస్తున్నారు. రిటైరైన వాళ్లంతా సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి రాయాలట. నేను రోడ్డు రోలరు దగ్గర ముప్పై ఏళ్లు చేశాను కాబట్టి దాని గురించే రాస్తానని వాళ్లు అనుకుంటున్నారు. రోలరు మంచిదే, దాని పుణ్యాన అన్నం తిన్నాను. కానీ అది ఒక్కరోజు కూడా నన్ను ఆశ్చర్యపెట్టలేదు, ఎటు తిప్పితే అటే పోతుంది. నన్ను ఆశ్చర్యపెట్టింది అంతకుముందు చేసిన ఉద్యోగం. అది నిండా ఏడాది కూడా చెయ్యలేదు, అందులోంచి నన్ను తీసేశారు. ఎందుకు తీసేశారో ఇంట్లో తప్ప బయట చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

యుద్ధం జరుగుతున్న రోజులు. నరసరావుపేటకి పడమట, మా ఊరికి రెండు మైళ్లలో, గట్టి ఎర్రనేల ఒకటి ఉండేది. అక్కడ చిన్న విమానాలు దిగడానికి సర్కారువాళ్లు మైదానం చేశారు. మద్రాసు నుంచి వచ్చే విమానాలు దారిలో అక్కడ దిగి, పెట్రోలు పోసుకుని, టపా సంచులు మార్చుకుని వెళ్లేవి. అవి ఇప్పటి విమానాల్లాంటివి కావు. ఇద్దరు కూర్చునేవి, ఒకరి వెనక ఒకరు. ముందు రెండు చక్రాలు, తోక కింద బుల్లి చక్రం ఒకటి. నేల మీద నిలబడితే ముక్కు ఆకాశంలోకి ఎత్తి, తోక కింద పెట్టి, కప్ప కూర్చున్నట్టు ఉండేది.

ఆ మైదానాన్ని ఉత్తర దక్షిణాలుగా వేశారు. కొలిచిన ఇంజనీరు మాఘమాసంలో వచ్చాడట. ఆ రోజుల్లో గాలి ఉత్తరం నుంచి వీస్తోంది, బాగానే ఉందనుకుని గుర్తులు పాతించి వెళ్లిపోయాడు. ఆషాఢం వస్తే మా పల్నాట్లో పడమటి గాలి లేస్తుందని ఆయనకి తెలియదు. లేచిందంటే నెత్తిన గడ్డిమోపు ఉన్న మనిషిని మోపుతో సహా తిప్పేస్తుంది. విమానమేమో గాలికి ఎదురుగా దిగాలి. మా మైదానంలో ఆ మూణ్ణెల్లూ గాలి పక్కనుంచి కొట్టేది. మా నాన్న ఒకసారి చూడ్డానికి వచ్చి, "మాలో ఒక్కణ్ణి అడిగినా చెప్పేవోళ్లం గదరా" అన్నాడు. 

నన్ను పనిలో పెట్టుకున్నది మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక హవల్దారు. పాత సిపాయి, మీసాలు నెరిసినా నడుం వంగలేదు. మైదానానికి ఆయనే పెద్ద. నీకేం పని వచ్చని అడిగితే, కళ్లంలో తూర్పారబడతాను, గాలి తెలుసు అన్నాను. గాలి తెలిసినవాడే కావాలని ఆయన వెంటనే పెట్టుకున్నాడు. ఆ మాట తర్వాత నన్ను చానా బాధపెట్టింది.

మైదానం మీద మేం ఇద్దరం ఖలాసీలం. రెండోవాడు గురజాల నుంచి వచ్చిన సాయిబు, నాకంటే పదేళ్లు పెద్ద, అంతకుముందు జట్కా తోలేవాడు. ఆయన్ని భాయి అనేవాళ్లం. మేకల్ని తోలడం, పెట్రోలు డబ్బాలు మొయ్యడం, గుంటలు పూడ్చడం అన్నీ మా పనే. అన్నిటికంటే ముఖ్యమైన పని రెక్కలు పట్టడం. గాలి ఉన్న రోజున విమానం దిగి నెమ్మదించగానే ఇద్దరం చెరో పక్కనుంచి పరుగెత్తి రెక్కల చివర్లు పట్టుకోవాలి. లేకపోతే గాలి రెక్క కిందికి దూరి ఎత్తి తిరగేస్తుంది. విమానం ఎప్పుడూ దక్షిణం నుంచి వచ్చి ఉత్తరం మొహంగా దిగేది. అందువల్ల పడమటి రెక్క, అంటే ఎడమ రెక్క, నాది. కుడి రెక్క భాయిది.

మొదటిసారి ఆ రెక్క పట్టుకున్న రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఇనుముతో చేశారనుకున్నాను. చెయ్యి వేస్తే బట్ట. కర్రల మీద బట్ట బిగించి, దాని మీద ఏదో జిగురు పూసి ఆరబెట్టారు. వేలితో తడితే డప్పులా మోగింది. కర్రా బట్టా కలిపి మనిషిని మేఘాల్లోకి తీసుకుపోయి మళ్లీ మా పొలాల మధ్య దించుతున్నాయి. ఆ రాత్రి అన్నం దగ్గర మా అమ్మకి చెబితే నమ్మలేదు, నన్ను ఎవరో ఏడిపించారనుకుంది.

మైదానం మధ్యలో ఒక పొడుగు వాసం పాతి, దాని కొసన ఇనప చట్రానికి ఒక గుడ్డసంచి కట్టి ఉండేది. రెండు వైపులా మూతి ఉన్న మందపాటి సంచి. గాలి పెద్ద మూతిలో దూరి చిన్న మూతిలోంచి పోతుంది. గాలి జోరుగా ఉంటే సంచి నిండి అడ్డంగా నిలబడుతుంది, తగ్గితే వేలాడుతుంది. పైనున్న పైలటు దాన్ని చూసి గాలి ఎటునుంచి, ఎంత జోరు అని తెలుసుకుంటాడు. మేం గాలిసంచి అనేవాళ్లం. భాయి మాత్రం దాన్ని ఒంటికాలి పైజామా అనేవాడు.

మా దగ్గరికి తరచుగా వచ్చే పైలటు ఒకాయన ఉండేవాడు. నెల్లూరు వైపు మనిషి, మద్రాసులో పెరిగాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు, నలుగురిలో ఉంటే పోస్టుమాస్టరు అనుకుంటారు. కానీ పడమటి గాలిలో ఆయన విమానం దించుతుంటే నేను మేకల్ని తోలడం మానేసి చూసేవాణ్ణి. విమానం తిన్నగా వచ్చేది కాదు. ఎడమ రెక్కని గాలివైపు కిందికి వాల్చి, బరువైన బిందె చంకనెత్తుకున్న ఆడమనిషిలా ఒక పక్కకి ఒరిగి వచ్చేది. అట్లాగే ఒరిగి, ముందు ఎడమ చక్రం ఒక్కటే నేలకి ఆనించేవాడు. ఒంటి చక్రం మీద కొంతదూరం పరుగెత్తేది. తర్వాత రెండోది దిగేది. ఆఖరికి తోక. 

అట్లా ఎందుకు దించుతారని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. ఆయన నవ్వకుండా నేల మీద కూర్చుని పుల్లతో గీసి చెప్పాడు. రెక్క వాల్చకపోతే గాలి విమానాన్ని మైదానం బయటికి నెట్టుకుపోతుందట. నేల తగిలాక ఇంకో చిక్కు. బరువంతా ముందు చక్రాలకి వెనకాల ఉంటుంది. ఎడ్లని విప్పేసి, వెనక బరువేసిన బండిని వాలులో వదిలితే, ఆ వెనక భాగం పక్కనుంచి తిరిగి ముందుకొస్తుంది గదా, విమానానికీ అదే బుద్ధి. పైగా తోక నిలువుగా ఉంటుంది కాబట్టి గాలి దాన్ని పట్టుకుని తోస్తుంది. ముక్కు గాలివైపు తిరిగిపోతుంది. దాన్ని తిరగనివ్వకుండా కాళ్ల కింద ఉన్న రెండు తొక్కుడు బద్దల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ ఉండాలి.

"గాలిలో ఉన్నంతసేపూ మన మాట వింటుందయ్యా. నేల తగిలాకే దానికి పొగరు," అన్నాడు.

ఆషాఢం మధ్యలో హవల్దారుకి కబురొచ్చింది, మద్రాసు నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని. మైదానమంతా ఊడ్చాం. సరిహద్దు రాళ్లకి సున్నం కొట్టాం. హవల్దారు పైకి చూసి, ఆ సంచి మురికిగా ఉంది, దించి శుభ్రం చేయించు అన్నాడు. ఆయన అన్నది అంతే. మిగతాదంతా నేను చేసిందే.

నేను సంచి దించి మా ఊరి చాకలి అత్త దగ్గరికి తీసుకెళ్లాను. అత్త ఉతికిన చొక్కా తొడుక్కుంటే మనిషి నడక మారేది, అంత పేరు. దొర చూసే గుడ్డ అత్తా, జాగర్త అని చెప్పాను. ఆ మాట అనకపోయినా బాగుండేది. అత్త దాన్ని చాకిరేవులో ఉడకబెట్టి, చిక్కటి గంజిలో ముంచి, ఎండబెట్టి, సంచిని బల్లపరుపుగా పరిచి ఇస్త్రీపెట్టెతో అణిచింది. అంచులు కత్తిలా వచ్చాయి. మడత తేడా లేదు. నేను దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని మైదానానికి తెచ్చాను. చట్రానికి కట్టబోతే మూతి కష్టం మీద జానెడు తెరుచుకుంది. దాని కిందంతా రెండు పొరలూ అతుక్కుని పలకలా ఉంది. హవల్దారు చూసి మీసం దువ్వుకున్నాడు. భాయి, "ఒంటికాలి పైజామాకి పెళ్లికళ వచ్చింది తమ్ముడూ," అన్నాడు.

పైకి ఎక్కించాం. అది కొంచెం అటూ ఇటూ ఊగింది, అంతే. లేవలేదు. నేను చూశాను. కొత్తగా ఉతికిన గుడ్డ, పోనుపోను వదులవుతుందిలే అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. దాని తెల్లదనమే చూస్తూ ఉన్నాను.

మర్నాడు ఆఫీసరు రాలేదు. ప్రయాణం వాయిదా పడిందన్నారు. మా పైలటు ఒక్కడే టపాతో వచ్చాడు. మైదానం మీద ఒక చుట్టు తిరిగాడు, తల వంచి సంచిని చూడ్డం కింద నుంచి నాకు కనపడింది. తర్వాత దక్షిణం నుంచి దిగడానికి వచ్చాడు. ఎడమ రెక్క రోజూ వాలినంత వాల్లేదు. దాదాపు తిన్నగా వస్తున్నాడు. ఇదేంది ఇట్టా వత్తన్నాడు అని భాయి అవతలి నుంచి అరిచాడు. రెండు చక్రాలూ ఒకేసారి తగిలాయి. తోక దిగింది. మేం పరుగు మొదలుపెట్టాం.

అప్పుడే గాలి ఒక్కసారి పెద్దగా కొట్టింది. విమానం ముక్కు పడమటికి తిరిగింది. తోక తూర్పుగా ఊగి, చుట్టూ గిరుక్కున వచ్చేసింది. కుడి చక్రం మడతపడి, కుడి రెక్క కొస నేలలో దిగబడి కర్రలు పటపటా విరిగాయి. భాయి అడ్డంగా నేల మీద పడుకోబట్టి బతికాడు, రెక్క ఆయన వీపు మీదుగా పోయింది. ఇదంతా నేను పది అంగలు వేసేలోపే అయిపోయింది. ఎర్రదుమ్ము లేచి ఏమీ కనపడలేదు.

దుమ్ము తగ్గేసరికి పైలటు తనంతట తాను కిందికి దిగి నిలబడి ఉన్నాడు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. ఆయన విమానం వైపు చూడలేదు. సంచి వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. నా చొక్కా వీపు మీద బుడగలా ఉబ్బి పటపటా కొట్టుకుంటోంది. పైన సంచి మాత్రం ఎండిన సొరకాయలా వేలాడుతోంది. గాలి తెలుసని చెప్పి ఉద్యోగంలో చేరినవాణ్ణి నేను. 

ఆ సాయంత్రం వాన కొట్టింది. తెల్లారేసరికి గంజి అంతా కారిపోయి, సంచి మామూలుగా నిండి పడమటి గాలికి అడ్డంగా నిలబడి ఉంది. చూసినవాడెవడూ దానికేమైనా అయ్యిందని అనడు.

విమానం బాగుచెయ్యడానికి మద్రాసు నుంచి మిస్త్రీలు వచ్చారు. పది రోజుల పని. పైలటు నుదుటికి కట్టు కట్టించుకుని పేటలో ఉండిపోయాడు, రోజూ వచ్చి మిస్త్రీల పక్కన కూర్చునేవాడు. సంచి గురించి ఆయన మమ్మల్ని ఏమీ అడగలేదు. మూడో రోజు ఆయన హవల్దారుతో మాట్లాడుతుంటే విన్నాను. ఆఫీసరు విచారణకి వస్తున్నాడు, పైలటు అజాగ్రత్త అని కాగితం ముందే తయారైంది, ఇక తనని విమానం ఎక్కనివ్వరు, ఏదో ఆఫీసులో బల్ల ముందు కూర్చోబెడతారు అని చెబుతున్నాడు. గొంతు పెంచలేదు.

"గాలి పక్కకి నెడుతోందని నా కాళ్లకి తెలిసిందండీ. సంచి చూస్తే గాలి లేదంటోంది. నా కాళ్లని కాదని సంచిని నమ్మాను. ఆ సంచి ఇప్పుడు చూస్తే బాగానే ఉంది. నా కళ్లే నన్ను మోసం చేశాయేమో, ఇక నాకే నామీద నమ్మకం లేదు," అన్నాడు.

ఆ ఆఖరి మాట నాకు బల్లెంలా దిగింది. కాగితం కాదు ఆయన్ని తినేది, తన కళ్ల మీద తనకి అనుమానం రావడం. ఆ అనుమానం తీర్చగలిగిన మనిషిని నేను, నాలుగు అడుగుల దూరంలో డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

పైలటు వెళ్లాక హవల్దారు నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. ఆయనకి అంతా అర్థమైంది. శుభ్రం చెయ్యమన్నది ఆయన, చేసింది నేను. "సంచి ఊసు ఎత్తావా, నీ ఉద్యోగం పోద్ది, నా పింఛనీ పోద్ది. నోరు మూసుకో," అన్నాడు. ఆయన్ని చెడ్డవాడనను. ముగ్గురు ఆడపిల్లలున్న మనిషి, భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. మా ఇంట్లో నెల తిరిగేసరికి జీతం చూసిన మొదటి మనిషిని నేను. నా పెళ్లయి ఆరు నెలలు.

భాయితో అన్నాను, ఏం చెయ్యమంటావని. ఆయన బీడీ ముట్టించాడు.

"అబద్ధం ఆడమని చెప్పను, నిజం చెప్పమనీ చెప్పను తమ్ముడూ. ఆ పైలటు పోతే ఇంకోడు వత్తాడు. ఆడి రెక్క కూడా మనమే పట్టాల. పట్టుకునేటప్పుడు ఆడి మొహం చూడగలవా లేదా, అంత ఆలోచించుకో," అన్నాడు.

నేను ఆలోచించుకున్నానని చెప్పలేను. వారం రోజులు తిండి సరిగా తినలేదు, అంతే.

ఆఫీసరు వచ్చాడు. ఎర్రటి మనిషి, తెల్లదొర, వయసు మళ్లినవాడు, మోకాళ్ల నొప్పి ఉన్నట్టు నడిచేవాడు. విమానం అప్పటికి బాగైంది. షెడ్డు ముందు బల్ల వేసి కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచాడు. పైలటు సంగతి కాబట్టి పైలటుని దూరంగా నిలబెట్టి, మా మాటలు ఇంగ్లీషులో చెప్పే పని హవల్దారుకి ఇచ్చాడు. భాయి తను చూసింది చెప్పాడు. తర్వాత నన్ను పిలిచారు. సంచి ఆ రోజు ఎట్లా ఉందని అడుగుతున్నారని హవల్దారు చెప్పి, నా కళ్లలోకి చూశాడు.

నేను చెప్పేశాను. దించడం, అత్త దగ్గరికి తీసుకెళ్లడం, గంజి, ఇస్త్రీ, లేవకపోవడం, చూసి కూడా ఊరుకోవడం, వాన. ఒక్క గుక్కలో చెప్పాను. హవల్దారు మొహం సున్నం కొట్టిన రాయిలా అయింది. ఆయన ఏం చెబుతాడో నాకు తెలియదు, నాకు ఇంగ్లీషు రాదు. ఆయన ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు.  కానీ కాళ్లు దగ్గరికి చేర్చి, సిపాయిలా నిటారుగా నిలబడి మాట్లాడాడు. ఆ ఇంగ్లీషు మధ్యలో గంజి అనే మాట వినపడింది, దానికి ఆయన దగ్గర ఇంగ్లీషు మాట లేదు కాబోలు. చివర తన గుండె మీద వేలు పెట్టి చూపించుకున్నాడు. శుభ్రం చెయ్యమన్నది నేనే అని చెప్పాడని పైలటు తర్వాత కాగితం చూసి చెప్పాడు. ఆ క్షణం నుంచి హవల్దారు నాకు మా నాన్న తర్వాత అంతటివాడు.

దొర నమ్మలేదు. నమ్మకపోవడం న్యాయమే. కావాలంటే చాకలామెని పిలిపించండి అన్నాం. అత్త వచ్చింది. సంచి తన చేతిలో చెడిందని ఎవరో దారిలో చెప్పినట్టున్నారు, వస్తూనే కొంగు బిగించింది.

"నేనేం చెరిచాను దొరా. నా గంజికి వంక పెట్టినోళ్లు ఈ చుట్టుపట్ల లేరు. ఇదిగో మా అల్లుడే గదా దొర చూసే గుడ్డ అని తెచ్చింది, ఎందుకు దాత్తాను," అంది. అల్లుడంటే నేనే, ఊరి వరస. "ఏం రా, చెప్పవేంది."

చెప్పాను అత్తా, నీ తప్పేం లేదని చెప్పాను అన్నాను. దొర ఆమెని మళ్లీ అట్లాగే చెయ్యమన్నాడు. ఆమె సంచి తీసుకుపోయి మర్నాడు పొద్దుటికి మొదటిసారికంటే ఇంకా చిక్కటి గంజి పట్టించి తెచ్చింది. మేం పైకెక్కించాం. పడమటి గాలి ఆ రోజు హోరుగా ఉంది. దొర టోపీ ఎగిరిపోతే భాయి పరుగెత్తి తెచ్చాడు. పైన సంచి ఊరికే అటూ ఇటూ ఊగుతోంది. దొర ఎర్రమొహం పైకెత్తి దాన్ని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఉతికినామె వైపు చూసి టోపీ తీశాడు. వెక్కిరించాడో గౌరవించాడో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త మాత్రం తలాడించింది, మర్యాద అందుకున్నట్టు.

పైలటు సంచిని చూస్తున్నాడు. ఆయన మొహంలోకి ఏదో తిరిగి రావడం కళ్లారా చూశాను. తన కళ్లు ఆ రోజు ఉన్నదే చూశాయి. కాళ్లు కూడా ఉన్నదే చెప్పాయి.

కానీ దొర అంతటితో వదల్లేదు. ఆయన మాటలు పైలటే మాకు తెలుగులో చెప్పాడు. సంచి అబద్ధం చెప్పింది, ఒప్పుకుంటున్నాను. కానీ విమానంలో కూర్చున్నవాడికి కింద ఉన్న గుడ్డకంటే తన ఒంటికి తగిలే గాలి ముందు తెలియాలి. ఈ గాలిలోనే, ఆ సంచి అట్లాగే ఉంచి, మూడుసార్లు దించి చూపించు. ముందు సీట్లో నేను కూర్చుంటాను. దించగలిగితే ఎగురుతావు, లేదంటే నా వెంట రైల్లో వస్తావు.

అంత గాలిలో మామూలుగా ఎవరూ దిగరు. నేనూ భాయీ మా చోట్లకి వెళ్లి నిలబడ్డాం. విమానం లేచింది.

మొదటిసారి వస్తుంటే చూశాను. ఎడమ రెక్క ఎంత వాల్చాడంటే కిందనున్న ముళ్లకంపకి తగులుతుందేమో అనిపించింది. ముక్కు మాత్రం మైదానం వెంబడి ఉత్తరానికే తిన్నగా ఉంది. ఎడమ చక్రం నేల మీద వేలు పెట్టినంత మెల్లిగా ఆనింది. ఒంటి చక్రం మీద పరుగెత్తుతోంది. తోక వెనకున్న పలక అటూ ఇటూ ఆగకుండా కదులుతోంది, లోపల ఆయన కాళ్లు తొక్కుతున్నాయన్నమాట. రెండో చక్రం దిగింది, తోక దిగింది. నేను రెక్క పట్టుకునేసరికి ఆ బట్ట నా వేళ్ల కింద బతికున్నదానిలా వణుకుతోంది. దాన్ని ఎగరెయ్యాలని గాలి లాగుతోంది, వెళ్లొద్దని ఆయన లోపలి నుంచి ఆపుతున్నాడు. వాళ్లిద్దరి మధ్యా నా పది వేళ్లు ఉన్నాయి.

రెండోసారి నేలకి మనిషెత్తు దూరంలో ఉండగా గాలి విరుచుకుపడింది. విమానం పక్కకి జారింది. ఇంజను ఒక్కసారి గర్జించింది, దిగకుండా భాయి తల మీదుగా పైకి వెళ్లిపోయాడు. అయిపోయింది, ఓడిపోయాడు అనుకున్నాను. భాయి అవతలి నుంచి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మళ్లీ చుట్టు తిరిగి వచ్చి దించాడు. మూడోసారికి ఇంకా జోరు పెరిగింది, దుమ్ము తెరలు తెరలుగా మైదానానికి అడ్డంగా పోతోంది. ఆ తెరల్లోంచి ఒక పక్కకి ఒరిగి, ముక్కు తిన్నగా, అంగుళం అటూ ఇటూ కాకుండా వస్తున్న ఆ బట్టవిమానాన్ని చూస్తే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్ల అని భాయితో చెప్పాను. ఒంటి చక్రం మీద ఎంత దూరం పరుగెత్తిందంటే, ఇంకది రెండో కాలు దించదేమో అనుకున్నాను. ఆ పొట్టి మనిషి, పోస్టుమాస్టరులాంటివాడు, మాచర్ల మీదుగా వచ్చే గాలినంతా రెండు కాళ్ల కింద తొక్కిపెట్టి మెల్లిగా దించాడు.

దొర దిగి, తొందరపడకుండా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మూడింటిలోకీ ఆయనకి నచ్చింది, దించకుండా పైకి వెళ్లిపోయినదట. వీలుకానప్పుడు దిగనని అనుకోగలిగినవాణ్ణే మళ్లీ పంపిస్తానన్నాడట. 

తర్వాత నా వంతు. నేను చెప్పిందంతా ఒక కాగితం మీద రాసి ఉంది. హవల్దారు నా బొటనవేలుకి సిరా పుయ్యబోయాడు. సంతకం వచ్చండి అన్నాను. నా పేరు నాలుగు అక్షరాలు, వంకరగా రాశాను. సర్కారు కాగితం మీద అదే నా మొదటి సంతకం. మైదానం సామాను పాడుచేసి ఊరుకున్నందుకు నన్ను పనిలోంచి తీసేసినట్టు దాని కిందే రాసి ఉంది. హవల్దారుకి మందలింపుతో సరిపోయింది, పింఛనీ దక్కింది. పైలటు నా తరఫున దొరని అడిగాడు, దొర ఒప్పుకోలేదు. నేనైనా ఒప్పుకోను. సంచి లేవలేదని చూసినవాణ్ణి నేను.

పైలటు నాతో కొంతదూరం నడిచి వచ్చాడు. 

"నీ ఉద్యోగం నేను తిన్నట్టయిందయ్యా," అన్నాడు.

"లేదు సారూ. మీ కళ్లు నేను తిన్నాను. అయ్యి మీకు ఇచ్చేశాను," అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, నేను అట్లా మాట్లాడే మనిషిని కాను.

ఇంటికెళ్లి మళ్లీ పొలం పనిలో పడ్డాను. ఏడెనిమిది రోజులకి మా నాన్నతో కలిసి జొన్న వేస్తున్నాం, నేను గొర్రు పట్టుకుని ఎడ్ల వెనక నడుస్తున్నాను. పడమటి గాలి చెవుల్లో హోరెత్తుతోంది. దక్షిణం నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. ఎడ్లని ఆపాను. చిన్న విమానం మా పొలం మీదుగా మైదానం వైపు పోయింది, ఎడమ రెక్క కిందికి వాలి ఉంది. తుమ్మచెట్ల వరస అడ్డం వచ్చింది, దిగడం కనపడలేదు. ఇంజను చప్పుడు తగ్గింది. నేను కర్రలు విరిగే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. కాసేపటికి ఇంజను తీరిగ్గా గునగునలాడుతూ షెడ్డు వైపు నడుస్తున్న చప్పుడు వచ్చింది. మా నాన్న వెనక్కి తిరిగి, ఏందిరా నిలబడ్డావు అన్నాడు. ఏం లేదు అని ఎడ్లని అదిలించాను.

కుర్రాళ్లకి చెప్పుకోవలసింది ఇంతే. సంగతులు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ రాసి ఉంటాను. విమానం గురించి తెలిసినవాళ్లు చదివితే నేను చెప్పిన వివరంలో పొరపాట్లు కనపడతాయి, నేను రెక్క పట్టినవాణ్ణే గాని లోపల కూర్చున్నవాణ్ణి కాదు. అక్షరాల తప్పులు ఎటూ ఉంటాయి, మా మనవరాలు దిద్దుతానంది గాని ఇంత రాసింది చూసి జడుసుకుంది. అన్నిటికీ కలిపి నన్ను పెద్దమనసుతో క్షమించండి.